ఎర్రమ్మ మాటలో రెండు సెకన్లు

2023 వేసవి. విజయనగరంలో ఒక మందుల షాపు పైనున్న గదిలో కూర్చుని సినిమా ట్రైలర్లు కట్ చేస్తుండేవాణ్ణి. ఇప్పటికీ అదే గది, అదే పని. అంతకుముందు పదేళ్లు హైదరాబాదు స్టూడియోల్లో, కిటికీల్లేని గదుల్లో గడిపాను. కరోనా రోజుల్లో ఇంటికొచ్చాను. ఇక్కణ్ణుంచి కూడా పని జరుగుతుందని తెలిశాక మళ్లీ పోలేదు. హార్డ్ డిస్కులు కొరియర్‌లో వస్తాయి, కట్ చేసింది నెట్‌లో పంపిస్తాను. గరివిడి పక్క పల్లె మాది. నేనేం పని చేస్తానో మా చుట్టాల్లో సగం మందికి తెలియదు. సినిమా బొమ్మలు అతికిస్తాడని మా పిన్ని అందరికీ చెబుతుంది. నిజానికి అతికించేదానికంటే కోసి పారేసేదే ఎక్కువ.

ఈ పని తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. షూటింగులో తీసిందంతా రషెస్ అంటాం. గంటలకొద్దీ ఉంటుంది. అందులోంచి పనికొచ్చే ముక్కలు ఏరి పక్కన పెట్టుకుంటే అవి సెలెక్ట్స్. ఆ సెలెక్ట్స్‌లోంచి రెండు నిమిషాల ట్రైలర్ తయారవుతుంది. తమాషా ఏమిటంటే చాలాసార్లు సినిమా పూర్తికాకముందే ట్రైలర్ కట్ చేసేస్తాం. ఆ తర్వాత నిడివి ఎక్కువైందని డైరెక్టరు కొన్ని సీన్లు తీసేస్తాడు. అందుకే ట్రైలర్లో చూసింది సినిమాలో లేదేమిటని జనం అడుగుతుంటారు. ఇందులో మోసమేమీ లేదని నేను చాలామందితో వాదించాను.

ఆ మే నెలలో హేమలత అనే అమ్మాయి ఫోన్ చేసింది. జర్నలిజంలో ఎం.ఏ. రెండో ఏడు చదువుతోంది. ట్రైలర్లు ఎలా తయారవుతాయి, వాటిని జనంలోకి ఎలా తీసుకెళతారు అన్న అంశం మీద పరిశోధన వ్యాసం రాస్తోందట. ఇంత దగ్గర్లో ట్రైలర్ ఎడిటర్ ఉన్నారని తెలిసి సంతోషించానంది. నా పని గురించి పుస్తకం పట్టుకుని అడిగేవాళ్లు అంతవరకూ ఎవరూ రాలేదు. ఎగిరి గంతేసి రమ్మన్నాను.

జూన్ నెలాఖరులోగా మూడుసార్లు వచ్చింది. బక్కపల్చని పిల్ల, పాతికేళ్లు కూడా ఉండవు. మాట చాలా జాగ్రత్తగా, పాఠ్యపుస్తకం చదువుతున్నట్టు మాట్లాడేది. మొదటి రెండు రోజులూ నేను చెప్పిందంతా రాసుకుంది. ట్రైలర్లో మొదటి పది సెకన్లు ఎందుకు ప్రాణమో, సంగీతం ఒక్కసారిగా ఆపేస్తే చూసేవాడు ఎందుకు ముందుకు వంగుతాడో, ట్రైలర్లోంచే మళ్లీ ముప్ఫై సెకన్ల ముక్కలు కోసి ఫోన్లలోకి ఎలా వదులుతారో, అన్నీ చెప్పాను. ఆ ముక్కల్ని కట్‌డౌన్లు అంటాం. ఇప్పుడు ప్రచారమంతా వాటి మీదే నడుస్తుంది. నేను చెబుతుంటే ఆ అమ్మాయి తలెత్తకుండా రాసుకుంటుంటే నాకు నేనే ఏదో పెద్ద మేస్త్రీలా అనిపించాను.

మూడోసారి వచ్చినప్పుడు ఒక ట్రైలర్‌ను తీసుకుని షాటు షాటూ విడగొట్టి చూడాలంది. తను ఎంచుకున్నది నేను కట్ చేసినదే. నాకు పేరు తెచ్చిందే. పెళ్లి పీటల మీంచి పారిపోయిన ఒక కుర్రాడు కళింగపట్నం వెళ్లి మత్స్యకారుల మధ్య దాక్కునే కథ. చిన్న సినిమా. ఆ ఊళ్లోనే తీశారు. మొదట్లో ఊరివాళ్లు కొందరు తమ బతుకు గురించి తామే మాట్లాడే సీన్లు పెట్టాలని డైరెక్టరు అనుకున్నాడు. కెమెరా పెట్టి, ఏం జరిగిందో మీ మాటల్లోనే చెప్పమని అడిగి తీశాడు. నేను మొదట కట్ చేసిన ట్రైలర్ కూడా నెమ్మదిగా, బరువుగా ఉండేది. మార్కెటింగ్ చూసే ఆయన అది చూసి ఇలాగైతే థియేటర్లో దోమలు కూడా ఉండవన్నాడు. మధ్యలో ఒక కామెడీ బీట్ కావాలన్నాడు. బీట్ అంటే, చూసేవాడు గుర్తుపెట్టుకుని నలుగురికీ చెప్పుకునే చోటు.

అప్పుడు నేను చేసిన పని ఇది. హీరో పెళ్లి మండపంలోంచి గోడ దూకి పారిపోతాడు. వెంటనే సముద్రం ముందు కూర్చున్న ఒక ఆడమనిషి. ‘సెప్పులొగ్గీసి ఎలిపోనాడు బాబూ’ అంటుంది, చెప్పులు వదిలేసి వెళ్లిపోయాడని. డప్పు మీద ఒక దెబ్బ. అంతే. రెండు సెకన్లు. ఆ రెండు సెకన్లే సినిమాను జనం నోట్లో వేశాయి. కట్‌డౌన్లలో అదే. ఎవరైనా దేన్నుంచి తప్పించుకున్నా, పరీక్ష ఎగ్గొట్టినా, పార్టీ మారినా, కింద ఆ ముక్క తగిలించి ఫోన్లలో పంపుకునేవాళ్లు. ఆ ఆలోచన నాదేనని నేను పదిమందికి చెప్పుకున్నాను. హేమలతకు కూడా చెప్పాను.

ఆ షాటు దగ్గర ఆపమంది. వెనక్కి తిప్పమంది. మళ్లీ చూసింది.

"మాట వినపడక ముందే ఆవిడ పెదవులు కదులుతున్నాయి సార్. ముందు ఇంకో మాట ఉంది. ఏమిటది?"

ఇంత నిశితంగా చూసినందుకు మెచ్చుకున్నాను. "‘ఒడ్డున’ అంది. ‘ఒడ్డున సెప్పులొగ్గీసి’ అని. ఆ మాట ఉంటే సముద్రం గుర్తొస్తుంది, నవ్వు రాదు. అందుకని కోసేశాను."

రాసుకోలేదు. పెన్ను మూత పెట్టింది.

"మిగతాదాంట్లో నవ్వొచ్చేది ఏముంది?"

"మన యాస కదా. జనానికి సరదాగా ఉంటుంది."

మన యాస అని నేనే అన్నాను. హైదరాబాదులో పదేళ్లూ ఆ యాస నా నోట్లోంచి జారకుండా పళ్ల బిగువున ఆపుకున్నవాణ్ణి నేను. ఒక్కసారి స్టూడియోలో ‘ఏమిటి’ అనబోయి ‘ఏటి’ అన్నందుకు ఆర్నెల్లు నన్ను ఆ పేరుతోనే పిలిచారు. దాన్ని వింటే జనం నవ్వుతారని నాకంటే బాగా తెలిసినవాడు లేడు. ఆ తెలివినే ఈ ట్రైలర్‌లో వాడాను.

హేమలత తెర వైపు తిరిగింది. తర్వాత మాట్లాడినప్పుడు ఆ పుస్తకాల భాష లేదు.

"ఆవిడ మాయమ్మ. మా నాన్న ఏటకెల్లి తిరిగి రాని దినం గురించి సెప్తన్నాది అక్కడ."

ఆ టేకులో ఆవిడ భర్త గురించి చెబుతోందని నాకు తెలుసు. ఎవరో తెలియదు, అంతే.

మిగతాది ఆ అమ్మాయి నెమ్మదిగా చెప్పింది. వాళ్లమ్మ పేరు ఎర్రమ్మ. నాన్న దానయ్య. బోటు మీద వెళ్లిన నలుగురిలో ఒక్కరూ దొరకలేదు. ఎర్రమ్మ ఆ రోజు గురించి ఎవరితోనూ నోరు విప్పేది కాదట. డైరెక్టరు అడిగితే ఎందుకో కూర్చుని మొత్తం చెప్పేసింది. దానయ్య సంగతి తెర మీద నలుగురూ వింటారని సంబరపడింది. సినిమా విడుదలైనప్పుడు అయినవాళ్లందరినీ వెంటబెట్టుకుని రెండు ఆటోల్లో శ్రీకాకుళం వెళ్లింది. సినిమా అయిపోయింది, ఆవిడ తెర మీదికి రానేలేదు. ఆ సీను డైరెక్టరు తీసేశాడు. లైట్లు వేసేదాకా కుర్చీలోంచి లేవలేదట. ఆవిడ మాటల్లో బయటికొచ్చింది నేను కోసిన ముక్క ఒక్కటే.

ఎర్రమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని శ్రీకాకుళంలో చేపలు అమ్మేది. బజారులో కుర్రాళ్లు గుర్తుపట్టారు. తట్ట దించగానే వెనకనుంచి ఎవరో ఒకరు ఆ మాట అనేవాళ్లు, చుట్టూ నవ్వులు. ఫోన్ ముఖం మీద పెట్టి ఇంకోసారి అనమనేవాళ్లు. దానయ్య చెప్పుల జత వాళ్ల అరుగు మీదే ఉండేదట. వాటిని ఫోటో తీసుకోవడానికి కూడా వచ్చారు. చెప్పులు తీసి ట్రంకుపెట్టెలో పెట్టేసింది. బజారుకు వెళ్లడం మానేసింది. ఆ తర్వాత కొత్తవాళ్ల ముందు మాట్లాడటం కూడా మానేసింది. ఎవరైనా వస్తే తల ఊపుతుంది, చేత్తో సైగ చేస్తుంది.

అన్నింటికంటే ఘోరం వేరే ఉంది. తప్పు తనదేనని ఎర్రమ్మ నమ్మింది. "ఒసే, నానేటి తప్పుగా మాటాడీసినాను? మీ అయ్య సంగతి అందరూ నవ్వేలాగ సెప్పీసినానేటి?" అని కూతుర్ని అడుగుతూనే ఉందట. కెమెరా ముందు ఏం మాట్లాడిందో ఆవిడకు గుర్తు లేదు. ఆ రోజు ఒళ్లు తెలియకుండా చెప్పింది. భర్త చావును తన నోటితో తనే నవ్వులపాలు చేశానన్న దిగులుతో తిండి కూడా సరిగ్గా తినడంలేదని హేమలత అంది. తను ఈ అంశాన్ని ఎంచుకున్నదీ, నన్ను వెతికి పట్టుకున్నదీ అందుకే. ఆ ట్రైలర్ తీయించెయ్యమని అడగలేదు. అది ఎవరి చేతుల్లోనూ లేదని తనకు తెలుసు. వాళ్లమ్మ మాట్లాడింది మొత్తం, కొయ్యకుండా, ఒక్కసారి ఆవిడకు చూపించాలి. అదొక్కటే అడిగింది.

నేను చెయ్యలేనన్నాను. రషెస్ నిర్మాతవి. బయటివాళ్లకు చూపించనని ప్రతి సినిమాకూ కాగితం మీద సంతకం పెడతాం. కనుక్కుని చెబుతానన్నాను. ఆ అమ్మాయి వాదించలేదు. పుస్తకం సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

మార్కెటింగ్ చూసే ఆయనకు ఫోన్ చేశాను. ఆ లైను వల్లే కదయ్యా సినిమా నిలబడింది, ఇప్పుడెందుకు కెలకడం అన్నాడు. పాత డిస్కు నీ దగ్గరుందా అని అడిగి, ఉంటే తుడిచెయ్ అన్నాడు. సరేనన్నాను. తుడవలేదు. ఆ డిస్కు బీరువాలోంచి తీసి బల్ల మీద పెట్టుకుని పది రోజులు దానివంక చూస్తూ కూర్చున్నాను. నాకు భయం. సంతకం సంగతి ఒక్కటే కాదు. ఆ మనిషి ముందు కూర్చోవాలంటే భయం.

పదకొండో రోజు హేమలత తన వ్యాసంలో ఒక అధ్యాయం పంపింది. తప్పులుంటే దిద్దమని మర్యాదగా రాసింది. నా ట్రైలర్‌ను షాటు షాటూ పట్టికలో పెట్టింది. పద్నాలుగో వరుసలో ఇలా ఉంది: స్త్రీ, నడి వయసు, వెనక సముద్రం, నిడివి రెండు సెకన్లు, ఉద్దేశం నవ్వు, పాత్ర పేరు లేదు. కన్నతల్లి గురించి ఏ కూతురికీ అలా రాయాల్సిన ఖర్మ పట్టకూడదు. ఆ వరుస చూసి నాకు ఏడుపొచ్చింది. డిస్కులోంచి ఎర్రమ్మ టేకు లాప్‌టాప్‌లోకి ఎక్కించుకున్నాను.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి శ్రీకాకుళం, అక్కణ్ణుంచి ఆటోలో కళింగపట్నం చేరాను. బోట్లు అప్పుడే వచ్చినట్టున్నాయి, వలలు దులుపుతున్నారు. ఇసుక మీద నెత్తళ్ల చేపలు ఎండబెట్టి ఉన్నాయి. ముందే ఫోన్ చేసి చెప్పడంతో హేమలత ఎదురొచ్చి ఇంటికి తీసుకెళ్లింది. ఎర్రమ్మ అరుగు మీద వల చిక్కులు తీస్తోంది. తెర మీద చూసిన ముఖమే, బాగా చిక్కిపోయింది. నేనెవరో కూతురు చెప్పింది. ఆవిడ నావైపు ఒకసారి చూసి, లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చి నా పక్కన పెట్టింది. ఒక్క మాట మాట్లాడలేదు.

లాప్‌టాప్ తెరిచి ఆవిడ ఒళ్లోకి జరిపాను. నాలుగు నిమిషాల టేకు. పైన డైరెక్టరు గొంతు, ఏం జరిగిందమ్మా అని. తర్వాత అంతా ఎర్రమ్మే.

"ఆ దినం గాలి నేదు. సంద్రం పల్లెంలాగున్నాది. టీ తాగీసి బయలెల్లినాడు. ఒడ్డున సెప్పులొగ్గీసి ఎలిపోనాడు బాబూ. అందరూ ఒగ్గీస్తారు. సెప్పులతోటి బోటెక్కరు కదేటి. మద్దినేలకి అందరి బోట్లూ వొచ్చీసినాయి. ఈల్ల బోటు రానేదు. నాను ఆడి సెప్పులకాడే కూకున్నాను. మొగోడు తిరిగొచ్చీదాకా ఒడ్డునున్న సెప్పులు ఎవులూ ముట్టరు మావోలు. పొద్దు గూకీసినాది. అందరూ ఇంటికి రాయే అన్నారు. ఎవులైనా తొక్కీస్తారని నాను అట్టుకొచ్చీసినాను. నాను తెచ్చీడం వొల్లే రానేదేటో. అక్కడే ఉంచీసుంటే, తొడుక్కోడానికైనా వచ్చుండును."

ఆ తర్వాత రెండు నిమిషాలు మాటల్లేవు. ఆవిడ సముద్రం వైపు చూస్తూ ఉంటుంది, కెమెరా అలాగే ఉంటుంది. కట్ చెప్పడానికి డైరెక్టరుకు కూడా నోరు రాలేదు.

ఎర్రమ్మ ఇంకోసారి పెట్టమంది, చేత్తో. పెట్టాను. అప్పుడు గమనించాను. ఆ చెప్పుల మాట వచ్చే ముందు ఆవిడ భుజాలు బిగుసుకున్నాయి. ఆ మాట రాగానే తల దించేసుకుంది. ఎవరో వెనకనుంచి నవ్వుతారేమోనన్నట్టు వీధి వైపు చూసింది. మాట దాటాక మళ్లీ తలెత్తి తెర చూసింది. అయిపోయాక మొదటిసారి నోరు విప్పింది.

"బాగానే సెప్పినాను."

"బాగా సెప్పినావమ్మా. తప్పేటీ నేదు," అంది హేమలత. ఏడుస్తోంది.

ఎర్రమ్మ నావైపు తిరిగింది. "కోసిన నాడు ఇదంతా సూసినావా బాబూ?"

అబద్ధం చెప్పడానికి చాలా వీలుగా ఉన్న ప్రశ్న అది. సెలెక్ట్స్ వేరేవాళ్లు ఏరి ఇస్తారనొచ్చు, నాకు ఆ ముక్కే వచ్చిందనొచ్చు. ఆ ముఖం చూస్తూ చెప్పలేకపోయాను. "చూశానమ్మా. రెండుసార్లు చూశాను. కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాను," అన్నాను.

"నీదే ఊరు?"

చెప్పాను.

"మనోడివే," అంది. ఆ గొంతులో కోపం లేదు. ఏ దూరపువాడో, మన మాట తెలియనివాడో చేసుంటాడని ఇన్నాళ్లూ అనుకున్నట్టుంది. క్షమించమని అడిగాను.

ఆవిడ లాప్‌టాప్ నావైపు తోసింది. "ఇది నాకిచ్చీగలవా?" అంది. ఇవ్వడానికే వచ్చానన్నాను. సంతకాల సంగతి నేను చూసుకుంటానన్నాను. "అయితే ఆ సెప్పుల మాటొకటీ తీసీ," అంది.

హేమలత ఒప్పుకోలేదు. అదే అసలు మాటని, అది తీసేస్తే ఆ మాట అన్నవాళ్లే నెగ్గినట్టని తల్లిని బతిమాలింది. మొత్తం చూపించడానికే కదా ఇన్ని నెలలు తిరిగానంది. నాకూ అదే అనిపించింది. నాలుగు నిమిషాల్లో అంతకంటే నిజమైన మాట లేదు. మిగతా అంతా దానిమీదే నిలబడింది. ఎర్రమ్మ కూతురు చెప్పిందంతా విన్నది.

"అది నా మాటే గాని, ఇప్పుడు నాది కాదు. అది ఇంటంటే మీ అయ్య కనబడ్డు నాకు. బజార్లో నవ్విన ఆ గుంటలే కనబడతన్నారు. మిగతాదాంట్లోనైనా ఆడు ఉన్నాడు. దాన్ని తీసీ బాబూ."

ఆ అరుగు మీదే కూర్చుని కట్ చేశాను. ఆ ఒక్క వాక్యం తీస్తే తర్వాతి రెండూ గాల్లో వేలాడాయి. అందరూ ఒగ్గీస్తారు, చెప్పులతో బోటెక్కరు అన్నవి దేని గురించో తెలియకుండా పోయాయి. వాటినీ తీయాల్సి వచ్చింది. ‘టీ తాగీసి బయలెల్లినాడు’ దగ్గర ఆపి ‘మద్దినేలకి అందరి బోట్లూ’కు కలిపాను. మధ్యలో అలల చప్పుడు కొంచెం పెంచాను, అతుకు వినపడకుండా. మెత్తగా కలిసిపోయింది. అంత శుభ్రమైన కట్ నా సర్వీసులో చేసుండను. ఆ కాపీలో మూడు వాక్యాలు పోయాయని తెలిసినవాళ్లు మేం ముగ్గురమే. ఎర్రమ్మ దాన్ని మొదట్నుంచీ చివరిదాకా చూసింది, భుజాలు బిగుసుకోలేదు, తల దించుకోలేదు. హేమలత ఫోన్లోకి ఎక్కించి ఇచ్చాను.

వ్యాసంలో నా పేరు రాయమన్నాను. ఏం చేశానో కూడా రాయమన్నాను. రాసింది. ఎర్రమ్మ మళ్లీ బజారుకు వెళ్తోందని ఈమధ్య చెప్పింది, శ్రీకాకుళం కాదు, పక్క ఊరి సంతకు. ఆ రెండు సెకన్లు మాత్రం ఇంకా ఫోన్లలో తిరుగుతూనే ఉన్నాయి.

అప్పణ్ణుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. నటులు కానివాళ్ల మాట ట్రైలర్లో వాడాల్సి వస్తే, కోసిన ముక్క ముందు వాళ్లకు చూపించందే పంపను. దానివల్ల రెండు సినిమాలు చేజారాయి. పెద్ద మంచివాణ్ణైపోయానని చెప్పుకోవడానికి ఇది రాయడంలేదు. ఎడిటింగులో ఏం కోసినా భయం లేదని, డిస్కులో అసలుది ఉంటుంది, కావాలంటే మళ్లీ పెట్టేసుకోవచ్చని నాకు పని నేర్పినవాళ్లు చెప్పారు. నేనూ చాలామందికి అదే చెప్పాను. అసలుది ఉంది. నా బీరువాలో భద్రంగా ఉంది. దానయ్య ఒడ్డున చెప్పులు వదిలి వెళ్లిన ఆ మాటను దాని చోట నేను ఎప్పుడైనా పెట్టగలను. వినడానికి ఎర్రమ్మకే మనసు లేకుండా చేశాను.